వెబ్‌సైట్‌లో పేజీ కట్టడం ఎలా? బ్లాకులు – వాటి అమరిక



గోడపత్రిక పెట్టేటప్పుడు మనం ఏం చేస్తాం? పెద్ద చార్టు ఒకటి తెచ్చుకుంటాం. ఒకరు కవిత రాసిస్తారు. ఒకరు బొమ్మ వేస్తారు. ఇంకొకరు దినపత్రికలోని వార్త కత్తిరించి తెస్తారు. ఇవన్నీ వేరువేరు కాగితాలు. తెచ్చినవి తెచ్చినట్టు జిగురు పెట్టి అతికించం. చార్టు మీద పరిచి, బొమ్మను కొంచెం పైకి, కవితను పక్కకు జరిపి, పత్రిక పేరు రాసిన కాగితాన్ని అన్నిటికన్నా పైన ఉంచి, దూరం నుంచి ఒకసారి చూసి, అప్పుడు గుండుసూదులు గుచ్చుతాం. నేడు వెబ్‌సైట్లలో పేజీ తయారుచేసే పని చాలావరకు ఇదే పద్ధతిలో సాగుతున్నది. ఆ కాగితం ముక్కలను అక్కడ బ్లాకులు అంటారు. వాటిని తయారుచేసి, వరుసలో అమర్చే ఉపకరణాన్ని బ్లాక్ ఎడిటర్ అంటారు.

అయితే చార్టు మీద అమర్చేవారికి ఒక సుఖం ఉంది. చూసేవాళ్లు ఎవరో తెలుసు. ఎక్కడ నిలబడి చూస్తారో కూడా తెలుసు. వెబ్ పేజీ కట్టేవారికి ఆ సుఖం లేదు. ఒకరు ఆఫీసులో పెద్ద కంప్యూటర్ మీద చూస్తారు. మరొకరు కూలికి వెళ్లి వచ్చిన అమ్మ దగ్గర ఫోను అడిగి తీసుకుని, పగిలిన అద్దం మీద, సిగ్నల్ అందే చోటు వెతుక్కుని చూస్తారు. ఈ రెండోవారిని దృష్టిలో పెట్టుకుని పేజీ కట్టడమే ఈ పాఠంలో అసలు విషయం. ప్రవేశాలు, స్కాలర్‌షిప్‌లు, పరీక్ష ఫీజు చివరి తేదీలు – మన హాస్టళ్ల పిల్లలకు కావలసిన సమాచారంలో ఎక్కువ భాగం ఇప్పుడు ఇంటర్నెట్‌లోనే వస్తున్నది. ఉండి కూడా కనబడని సమాచారం లేనట్టే లెక్క.

వర్డ్‌ప్రెస్ – గూటెన్‌బర్గ్

బ్లాకులతో పనిచేసే ఎడిటర్లు చాలా ఉన్నాయి. మనం వర్డ్‌ప్రెస్‌ను తీసుకుందాం. అది ఉచితం, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఎవరైనా దించుకుని వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఒకదాంట్లో నేర్చిన పద్ధతి మిగతావాటికీ పనికివస్తుంది. మ్యాట్ మల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ అనే ఇద్దరు బీ2 అనే పాత సాఫ్ట్‌వేర్‌ను ఆధారం చేసుకుని 2003 మే నెలలో దీన్ని మొదటిసారి విడుదల చేశారు. అప్పటికి మల్లెన్‌వెగ్ వయసు 19 ఏళ్లు మాత్రమే. డిగ్రీ మొదటి, రెండో సంవత్సరం చదివే మన అన్నల వయసన్న మాట!

మొదట్లో వర్డ్‌ప్రెస్ ఎడిటర్ ఒకే పెద్ద తెల్ల కాగితంలా ఉండేది. పైనుంచి కిందికి రాసుకుంటూ పోవడమే. మధ్యలో బొమ్మ పెడితే అక్షరాలు చెదిరేవి. పట్టిక కావాలంటే హెచ్‌టీఎంఎల్ తెలియాలి. 2018 డిసెంబర్ 6న వెలువడిన 5.0 వెర్షన్‌తో ఆ కాగితం పోయి బ్లాకులు వచ్చాయి. ఈ పనికి గూటెన్‌బర్గ్ అని పేరు పెట్టారు. 15వ శతాబ్దం మధ్యలో జర్మనీలోని మైంజ్ పట్టణంలో, విడి అచ్చు అక్షరాలతో పుస్తకాలు ముద్రించిన యోహానెస్ గూటెన్‌బర్గ్ పేరే అది. పేజీ మొత్తాన్ని ఒకే చెక్క మీద చెక్కితే ఒక్క అక్షరం తప్పినా చెక్కంతా పాడవుతుంది. విడి అక్షరాలైతే ఆ ఒక్కటీ తీసి మరొకటి పెట్టవచ్చు. పేరు పెట్టినవాళ్లు ఆలోచించే పెట్టారు.

బ్లాకు అంటే ఏమిటి?

ఒక పేరా ఒక బ్లాకు. ఒక శీర్షిక ఒక బ్లాకు. బొమ్మ, జాబితా, పట్టిక, బటన్, దించుకోవలసిన ఫైలు – ఒక్కొక్కటీ ఒక్కో బ్లాకు. పేరా రాసి ఎంటర్ కొడితే కొత్త పేరా బ్లాకు దానంతట అదే వస్తుంది. వేరే రకం కావాలంటే ప్లస్ గుర్తు నొక్కి ఎంచుకోవాలి. చేయి కీబోర్డు మీద నుంచి తీయడం ఇష్టం లేనివాళ్లు ఖాళీ పేరాలో / గుర్తు కొట్టి, పక్కనే బ్లాకు పేరు రాస్తే చాలు. ఇంకా సులువైనవి ఉన్నాయి: పేరా మొదట్లో ## కొట్టి స్పేస్ నొక్కితే అది శీర్షిక అవుతుంది. 1. కొట్టి స్పేస్ నొక్కితే అంకెల జాబితా మొదలవుతుంది. చిన్న అడ్డగీత కొట్టి స్పేస్ నొక్కితే చుక్కల జాబితా.

బ్లాకు మీద నొక్కినప్పుడు దాని పైన చిన్న పనిముట్ల పట్టీ కనిపిస్తుంది. పైకి, కిందికి చూపే బాణాలు అందులోనే ఉంటాయి. కుడివైపు పలకలో ఆ బ్లాకుకు సంబంధించిన రంగు, అక్షరాల పరిమాణం వంటి అమరికలు ఉంటాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లందరూ ముందు ఈ కుడివైపు పలక మీద పడతారు. ఎర్ర అక్షరాలు, పచ్చ నేపథ్యం, పెద్ద సైజు... ఆ సరదా తీరడానికి ఒక రోజు కేటాయించుకోండి. తరువాత అసలు పనిలోకి రండి.

అసలు పని ఏమిటంటే, ప్రతిదాన్నీ అది ఏమిటో దానిగానే పెట్టడం. శీర్షికను శీర్షిక బ్లాకుగా పెట్టాలి. పేరాలో రాసి లావు అక్షరాలు చేయకూడదు. జాబితాను జాబితా బ్లాకుగా పెట్టాలి; పేరా మొదట్లో చేత్తో చుక్కలు కొట్టకూడదు. కంటికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి కదా అంటారేమో. కంటికి సరే. కాని చూపు లేని విద్యార్థి స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ సహాయంతో పేజీని చెవితో చదువుతాడు. ఒక శీర్షిక నుంచి మరో శీర్షికకు దూకుతూ తనకు కావలసిన భాగం పట్టుకుంటాడు. లావు అక్షరాలు మాత్రమే ఉంటే ఆ సాఫ్ట్‌వేర్‌కు అక్కడ శీర్షిక ఉన్నట్టే తెలియదు. అతడు పేజీ మొత్తం మొదటి నుంచి వినాల్సిందే. గూగుల్ వంటి వెతుకుడు యంత్రాలు కూడా పేజీలో ఏముందో గ్రహించడానికి శీర్షికలను చూస్తాయి.

తెలుగు పేజీకి ఇది మరీ ముఖ్యం. ఇంగ్లీషులో అన్నీ పెద్దబడి అక్షరాలు రాసి ఒక మాటను ఎత్తి చూపవచ్చు. మనకు పెద్దబడి, చిన్నబడి అన్న తేడా లేదు. ఒరగబెట్టిన అక్షరాలు కూడా తెలుగుకు అంతగా నప్పవు. గుండ్రటి అక్షరాలు పడిపోతున్నట్టు ఉంటాయి. కాబట్టి తెలుగులో విషయాన్ని విడదీసి చూపించే భారమంతా శీర్షిక బ్లాకు మీదే పడుతుంది.

శీర్షికలకు అంతస్తులు ఉంటాయి. పేజీ పేరు మొదటి అంతస్తు. లోపలి శీర్షికలు రెండు నుంచి మొదలుపెట్టాలి. రెండో దాని కింది ఉపశీర్షిక మూడో అంతస్తు. అక్షరాలు చిన్నగా కనిపించాలని రెండు నుంచి నాలుగుకు దూకకూడదు. పాఠ్యపుస్తకంలో అధ్యాయం, పాఠం, ఉపపాఠం ఉన్నట్టే.

ఒక పేజీ కడదాం

మాటలతో ఎంత చెప్పినా చేస్తే గాని రాదు. మన హాస్టల్లో పదో తరగతి పూర్తిచేసి ఇంటర్‌లో చేరే విద్యార్థికి స్కాలర్‌షిప్ దరఖాస్తు కోసం ఒక పేజీ కడుతున్నామనుకుందాం. ఇది ఉదాహరణ మాత్రమే. నిజంగా పేజీ పెట్టేవాళ్లు ఆ ఏడాది సంక్షేమ శాఖ ప్రకటన చూసే వివరాలు రాయాలి.

చాలామంది ఇలా మొదలుపెడతారు: పైన హాస్టల్ భవనం ఫోటో, దాని కింద స్వాగతం, ఆ తరువాత విద్య గొప్పదనం గురించి ఒక పేరా, ఆపైన పథకం చరిత్ర, చివరికి ఎక్కడో ఏడో పేరాలో చివరి తేదీ. కాగితం మీద అయితే కన్ను ఒక్కసారి కిందికి దూకి తేదీని పట్టుకోగలదు. ఫోను తెర మీద ఒకసారికి పది పదిహేను పంక్తులే కనిపిస్తాయి. భవనం ఫోటో చూసి, స్వాగతం చదివి, ఇదేదో వేరే పేజీ అనుకుని పిల్లవాడు మూసేస్తాడు. తేదీ దాటిపోతుంది. స్కాలర్‌షిప్ పోతే కాలేజీ ఫీజు ఇంటి మీద పడుతుంది. అది ఎక్కడికి దారితీస్తుందో మన హాస్టళ్లలో చదివినవారికి వేరే చెప్పనక్కర లేదు.

కాబట్టి మొదటి బ్లాకు ఒక చిన్న పేరా: ఎవరు దరఖాస్తు చేయాలి, ఏ తేదీలోపు, ఎక్కడ. మూడు వాక్యాలు చాలు. తేదీని పూర్తిగా, సంవత్సరంతో సహా రాయాలి. "ఈ నెల 30" అని రాస్తే, ఆ పేజీ వచ్చే ఏడు కూడా అలాగే ఉండి కొత్తవాళ్లను మోసం చేస్తుంది. దాని కిందే బటన్ బ్లాకు. బటన్ మీద "ఇక్కడ నొక్కండి" అని కాక "దరఖాస్తు పేజీకి వెళ్లండి" అని రాయాలి. నొక్కితే ఏమవుతుందో నొక్కకముందే తెలియాలి.

తరువాత రెండో అంతస్తు శీర్షిక: కావలసిన పత్రాలు. దాని కింద ఏ బ్లాకు? పత్రాల పేర్లు మాత్రమే చెప్పాలంటే జాబితా చాలు. ఏ పత్రం ఎక్కడ తీసుకోవాలో కూడా చెప్పాలంటే పట్టిక మేలు. ఆదాయ ధ్రువీకరణ పత్రం – మీ సేవ కేంద్రంలో దరఖాస్తు. బోనఫైడ్ – చదివిన పాఠశాల. పాస్‌బుక్ నకలు – ఖాతా ఉన్న బ్యాంకు. పట్టిక బ్లాకు పెట్టగానే ఎన్ని నిలువు వరుసలు, ఎన్ని అడ్డ వరుసలు అని అడుగుతుంది. నిలువు వరుసలు రెండే ఇవ్వండి, మరీ అవసరమైతే మూడు. అంతకు మించితే చిన్న తెర మీద తెలుగు మాటలు ఇరుక్కుని అక్షరం అక్షరంగా విరిగి నిలుచుంటాయి, లేదా చదువరి తెరను పక్కకు జరుపుకుంటూ పోవాలి. కుడి పలకలో హెడర్ సెక్షన్ అనే మీట నొక్కితే పట్టిక పైవరుస శీర్షిక వరుస అవుతుంది.

ఆ తరువాత దరఖాస్తు చేసే విధానం. ఇది ఒకదాని తరువాత ఒకటి చేయవలసిన పని కనుక అంకెల జాబితా. చుక్కల జాబితా కాదు. ఏది ముందో ఏది వెనకో చుక్కలు చెప్పవు.

చివరగా తరచు వచ్చే ప్రశ్నలు. దీనికి డీటెయిల్స్ అనే బ్లాకు ఉంది. 2023 ఆగస్టులో వచ్చిన 6.3 వెర్షన్‌లో చేర్చారు. ప్రశ్న మాత్రమే కనిపిస్తుంది, నొక్కితే జవాబు విచ్చుకుంటుంది. పేజీ పొడవు తగ్గుతుంది. కాని ముఖ్యమైన సంగతిని ఇందులో దాచకూడదు. నొక్కితే విచ్చుకుంటుందని అందరికీ తెలియదు.

హాస్టల్ భవనం ఫోటో సంగతి ఏమిటి? పెట్టాలనుకుంటే అన్నిటికన్నా కింద పెట్టండి. నన్నడిగితే ఈ పేజీకి అది అక్కర లేదు.

అమర్చడం, మార్చడం

బ్లాకులన్నీ వచ్చాక వరుస మార్చడానికి బాణాలు వాడవచ్చు. ఆరు చుక్కల గుర్తు పట్టుకుని లాగి వేరే చోట వదలవచ్చు. పొడవైన పేజీలో లాగేటప్పుడు చేయి జారి బ్లాకు ఎక్కడో పడుతుంది. అందుకని పై పట్టీలో ఉండే లిస్ట్ వ్యూ తెరుచుకోండి. పేజీలోని బ్లాకులన్నీ పుస్తకం ముందు ఉండే విషయసూచికలాగా ఎడమవైపు వరుసగా కనిపిస్తాయి. అక్కడ లాగితే పొరపాటు జరగదు. ఏ బ్లాకు ఏ బ్లాకు లోపల ఉందో కూడా అక్కడే తెలుస్తుంది.

లోపల ఉండడం అంటే? కొన్ని బ్లాకులు పెట్టెల వంటివి. గ్రూప్ బ్లాకులో శీర్షిక, పేరా, బటన్ మూడింటినీ కలిపి ఉంచితే, ఆ మూడూ ఒకేసారి కదులుతాయి, అన్నిటి వెనకా ఒకే రంగు వేయవచ్చు. కాలమ్స్ బ్లాకు పేజీని నిలువుగా రెండు, మూడు భాగాలు చేస్తుంది. కంప్యూటర్ తెర మీద పక్కపక్కన ఉన్న భాగాలు ఫోనులో ఒకదాని కింద ఒకటి వస్తాయి. ముందు ఎడమవైపుది మొత్తం, ఆ తరువాత కుడివైపుది. ఎడమవైపు పొడవైన వ్యాసం, కుడివైపు చివరి తేదీ పెట్టారనుకోండి. కంప్యూటర్‌లో రెండూ ఒకేసారి కనిపించి ముచ్చటగా ఉంటుంది. ఫోనులో మాత్రం తేదీ వ్యాసం కిందికి పోతుంది. అందువల్ల నిలువు భాగాలు పెట్టేముందు, ఇవి ఒకదాని కింద ఒకటి పేరిస్తే కూడా అర్థమవుతాయా అని చూసుకోవాలి. పై పట్టీలో ఉండే ప్రివ్యూలో డెస్క్‌టాప్, టాబ్లెట్, మొబైల్ అని మూడు రకాలుగా చూసే వీలుంది. మొబైల్ ముందు చూడండి.

రెండు బ్లాకుల మధ్య ఎడం కావాలంటే ఖాళీ పేరాలు కొట్టకండి. దానికి స్పేసర్ అనే బ్లాకు ఉంది, గీత కావాలంటే సెపరేటర్ ఉంది.

ఒకే సమాచారం పది పేజీలలో ఉండాల్సి వస్తే? ఉదాహరణకు కార్యాలయం పనివేళలు. పదిచోట్లా టైపు చేస్తే మార్పు వచ్చినప్పుడు తొమ్మిదిచోట్ల దిద్ది పదోది మరిచిపోతాం. ఆ బ్లాకును సింక్డ్ ప్యాటర్న్‌గా దాచుకుంటే ఒకచోట దిద్దితే అన్నిచోట్లా మారుతుంది. 2023 వరకు దీన్నే రీయూజబుల్ బ్లాక్ అనేవారు. పాత పుస్తకాలలో, వీడియోలలో ఆ పేరే ఉంటుంది, తికమకపడకండి.

ఫోటో తీసి పెట్టేస్తే సరిపోదా?

ఇది అందరూ అడిగే ప్రశ్న. సర్క్యులర్ కాగితాన్ని ఫోనుతో ఫోటో తీసి, ఇమేజ్ బ్లాకులో పెట్టేస్తే ఒక్క నిమిషంలో పని అయిపోతుంది కదా!

లెక్క వేద్దాం. యూనికోడ్ పద్ధతిలో సాధారణంగా ఒక తెలుగు అక్షర సంకేతం 3 బైట్లు తీసుకుంటుంది. ఒక మాటకు సగటున తొమ్మిది సంకేతాలు అనుకుంటే 27 బైట్లు. 300 మాటల సర్క్యులర్ 8,100 బైట్లు, అంటే సుమారు 8 కేబీ. అదే కాగితం ఫోటో 3 ఎంబీ ఉంటే అది సుమారు 3,000 కేబీ. దాదాపు 375 రెట్లు! వర్డ్‌ప్రెస్ బొమ్మలను తనంతట తాను చిన్న పరిమాణాలలోకి మార్చిపెడుతుంది నిజమే, అయినా మాటలకూ బొమ్మకూ పోలిక లేదు. సిగ్నల్ సరిగా లేని ఊళ్లో మాటలు వెంటనే వస్తాయి, ఫోటో తిరుగుతూనే ఉంటుంది.

బరువు ఒక్కటే కాదు. ఫోటోలోని మాటలను పేజీలో వెతకలేం. కాపీ చేసి స్నేహితుడికి పంపలేం. ఫోను తెర మీద పెద్దవి చేస్తే పంక్తి తెర దాటిపోతుంది. మామూలు స్క్రీన్ రీడర్‌కు అది ఒక బొమ్మ మాత్రమే. అందుకే మాటలు పేరాగా టైపు చేయాలి. సంతకం, ముద్ర ఉన్న అసలు కాగితం కూడా అవసరమనుకుంటే కింద ఫైల్ బ్లాకులో పీడీఎఫ్‌గా ఇవ్వవచ్చు.

నిజమైన బొమ్మలు – క్రీడల ఫోటోలు, పిల్లలు వేసిన చిత్రాలు – పెట్టినప్పుడు కుడి పలకలో ఆల్టర్నేటివ్ టెక్స్ట్ అనే గడి నింపాలి. బొమ్మ చూడలేనివారికి అందులో ఏముందో చెప్పే వాక్యం అది. "ఫోటో 1" అని రాస్తే ప్రయోజనం లేదు. "ఖోఖో పోటీలో గెలిచిన హాస్టల్ జట్టు, చేతిలో కప్పుతో" అని రాయాలి.

అను ఫాంట్ల చిక్కు

మనలో చాలామందికి తెలియక చిక్కులో పడే సంగతి ఒకటి ఉంది. మన డీటీపీ సెంటర్లలో పత్రికలు, కరపత్రాలు చాలాకాలంగా పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కంపోజ్ చేస్తున్నారు. అవి అచ్చుకు బాగుంటాయి. కాని ఆ ఫైలులో నిజానికి ఉండేవి తెలుగు అక్షరాలు కావు. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల స్థానాలలో తెలుగు ఆకారాలు కూర్చి ఉంటాయి. ఆ ఫాంట్ లేనిచోట అతికిస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి. బ్లాక్ ఎడిటర్‌లో అతికించినా అంతే. దాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చిన తరువాత వత్తులు, పొల్లులు ఒకసారి కళ్లతో సరిచూసుకోవాలి. కొత్తగా టైపు చేసేదైతే మొదటి నుంచీ యూనికోడ్‌లోనే చేయడం ఉత్తమం. ఫోనులోని తెలుగు కీబోర్డులు యూనికోడ్‌లోనే రాస్తాయి.

పంక్తుల మధ్య ఎడం కూడా చూసుకోవాలి. తెలుగులో గుడులు, తలకట్లు పైకి, వత్తులు కిందికి వస్తాయి. ఇంగ్లీషుకు సరిపోయే ఎడంలో పై పంక్తి వత్తు కింది పంక్తి గుడికి తగులుతుంది. పేరా బ్లాకు కుడి పలకలో లైన్ హైట్ కనిపిస్తే 1.7 దగ్గర పెట్టి చూడండి. నా కంటికి అది బాగుంటుంది. వాడే ఫాంటును బట్టి కొంచెం అటూ ఇటూ.

సాధన

పని నేర్చుకోవడానికి సొంత వెబ్‌సైట్ అక్కర లేదు. వర్డ్‌ప్రెస్ ప్లేగ్రౌండ్ అనేది బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కర లేకుండా బ్లాకులతో ఆడుకోవచ్చు. దాచుకోకుండా మూసేస్తే చేసిన పని పోతుందని మాత్రం గుర్తుంచుకోండి. మామూలు వర్డ్‌ప్రెస్ సైటులో అయితే రివిజన్స్ అనే చోట పాత ప్రతులు నిలిచి ఉంటాయి. ఎవరైనా చెడగొడితే వెనక్కి తెచ్చుకోవచ్చు.

కంప్యూటర్ దొరకనివాళ్లు కాగితంతో చేయండి. ఎనిమిదో తరగతిలో కొత్తగా మన హాస్టల్‌కు వచ్చే విద్యార్థికి మొదటిరోజు తెలియవలసిన సంగతులు పది చీటీల మీద రాయండి: వెంట తెచ్చుకోవలసిన సామాను, భోజన వేళలు, ఇంటికి ఫోను చేసుకునే సమయం, ఒంట్లో బాగాలేకపోతే ఎవరికి చెప్పాలి, ఇలా. ప్రతి చీటీ మూలన అది ఏ బ్లాకో రాయండి – పేరానా, జాబితానా, పట్టికా. తరువాత ఫోను అంత వెడల్పు కాగితం పట్టీ మీద ఒకదాని కింద ఒకటి పేర్చండి. పేర్చినదాన్ని ఆ హాస్టల్ గురించి ఏమీ తెలియని ఒకరికి ఇచ్చి, "రాత్రి జ్వరం వస్తే ఏం చేయాలి?" అని అడిగి, ఎంతసేపటికి చెబుతారో గడియారం చూడండి. ఆలస్యమైతే ఆ చీటీని పైకి జరిపి ఇంకొకరికి ఇవ్వండి.